డల్సీ ప్రూవిట్ పన్నెండో దరఖాస్తు

మా విర్రంబీలో మీటింగుకు వెళ్ళడం కంటే ఎగ్గొట్టడమే ప్రమాదం. ఎవరు రాలేదో చూసి, వాళ్ళకే పదవి అంటగడతారు. డల్సీ ప్రూవిట్ ఒకప్పుడు పన్ను పీకించుకోవడానికి పక్క ఊరు వెళ్ళి, బుగ్గ వాచి తిరిగొచ్చేసరికి ఊరి హాలు కమిటీకి కార్యదర్శి అయిపోయింది. నోట్లో దూది ఉండటం వల్ల వద్దని చెప్పలేకపోయానని చివరిదాకా అంటుండేది. ఆ దూది తీసినా ఇరవయ్యారేళ్ళు ఆ పదవి మాత్రం వదల్లేదు.

నేనూ అలాగే ఇరుక్కున్నాను. ఈ పరాయి దేశం వచ్చి, ఇక్కడి పోస్టాఫీసు నడపడానికి తీసుకున్న రెండో నెలలో మా చెల్లెలి పెళ్ళికి గుంటూరు వెళ్ళొచ్చాను. దిగేసరికి ఉపాధ్యక్షురాలిని. శారద అనే నా పేరును అప్పటికే వీళ్ళు షాజ్ చేసేశారు కాబట్టి, ఆ గోలంతా ఆ షాజ్‌దే గానీ నాది కాదని సరిపెట్టుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా అలాగే సరిపెట్టుకుంటున్నాను.

హాలంటే గొప్ప హాలేమీ కాదు. చెక్క గోడలు, రేకుల కప్పు. ఓట్లు వేసేది అక్కడే, చలికాలం ముందు జ్వరం రాకుండా సూదులు పొడిపించుకునేది అక్కడే, ఎవరినైనా పాతిపెట్టి వచ్చాక ఊరంతా కూచుని టీ తాగి శాండ్‌విచ్‌లు తినేదీ అక్కడే. డల్సీ మొగుడు లెన్ గొర్రెల బొచ్చు కత్తిరించే పనివాడు. అతను పోయినప్పుడు నూట నలభై మంది వచ్చారు, వానా వచ్చింది. కప్పు పదకొండు చోట్ల కారితే పదకొండు బకెట్లు పెట్టాం. పాస్టరు మాట్లాడుతున్నంతసేపూ టప్ టప్‌మని బకెట్లు ఆయనకు అడ్డొచ్చాయి. లెన్ ఉంటే పొట్ట పట్టుకు నవ్వేవాడని డల్సీ ఆ రోజే ఏడుస్తూ నవ్వింది.

ఆ తర్వాత స్టేజి పక్కన నేల కూడా పుచ్చిపోయింది. ఏప్రిల్లో జిల్లా కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది. జూన్ ఆఖరులోగా మరమ్మతుకు ఏర్పాటు చూపించకపోతే హాలుకు తాళం వేస్తామని దాని సారాంశం. డల్సీ ఆ కాగితాన్ని నా కౌంటర్ మీద పడేసి ఠపీమని కొట్టింది.

"చూశావా అమ్మాయ్? తాళమట! మరి నేను పోతే నా టీ ఎక్కడ పెడతారు? కూడ్జెల్లో!"

కూడ్జెల్ మాకు పక్క ఊరు. వాళ్ళకీ మాకూ పడదు. ఎందుకు పడదో ఎవరికీ గుర్తులేదు గానీ, పడదు.

"కూడ్జెల్లో అయితే ఏమైంది? అక్కడా హాలుంది కదా" అన్నాను, బుద్ధిలేక.

"ఏమైందా! ఆ ఆడాళ్ళు గుడ్డు శాండ్‌విచ్‌లో కూరపొడి కలుపుతారే తల్లీ! నా చావుకొచ్చినవాళ్ళు పసుపు మూతులేసుకుని తిరగాలా? లెన్‌కి ఇక్కడే జరిగింది. నాకూ ఇక్కడే జరగాలి. అలా కాకపోతే పెట్టెలోంచి లేచొచ్చి ఆ ప్లేట్లన్నీ విసిరికొడతా, చెప్తున్నా."

ఆ పసుప్పచ్చ పొడిని మసాలా అని నేనూ ఒప్పుకోను. అందుకని ఆ విషయంలో ఇద్దరం ఒకే పార్టీ.

పల్లెల అభివృద్ధికి ప్రభుత్వం ఏటా గ్రాంటు ఇస్తుంది. దానికి ముప్ఫై పేజీల దరఖాస్తు. డల్సీ అప్పటికి పదకొండు సార్లు పెట్టింది, పదకొండు సార్లూ తిప్పికొట్టారు. ఆ జవాబులన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచింది. తిప్పికొట్టరూ మరి! ఆవిడ రాసినవి పోస్టు చేసేముందు నేను చదివేదాన్ని. 'ప్రాజెక్టు ఫలితాలను ఎలా కొలుస్తారు?' అని అడిగితే 'టేపుతో' అని రాసింది. 'దీనివల్ల లాభపడే వర్గాలు ఏవి?' అంటే 'ఇప్పుడు తడుస్తున్నవాళ్ళు' అని. 'ఎదురుకాగల ప్రమాదాలు?' అంటే ఒకటే మాట, 'మెర్వ్.'

మెర్వ్ ఆల్సప్ మా కమిటీ అధ్యక్షుడు, ఊరికి ఉన్న ఒక్క వడ్రంగి. మంచివాడే గానీ చేతిలో సుత్తి ఉంటే ఆగలేడు.

దరఖాస్తులో ఒక గడి మాత్రం ఆవిడ ఎప్పుడూ గీత కొట్టి వదిలేసేది. ఊరివాళ్ళు జీతం లేకుండా ఎన్ని గంటలు పనిచేశారో రాయమని అడిగే గడి అది.

"ఇది నింపండి డల్సీ, అడుగుతున్నారుగా" అన్నానొకసారి.

"సాయం చేసి గంటలు లెక్కెట్టుకుంటారటే ఎవరైనా? సిగ్గుండక్కర్లా!"

ఊళ్ళో ఎవరినడిగినా అదే మాట. తిరిగొచ్చే జవాబులో ప్రతిసారీ 'స్థానికుల భాగస్వామ్యానికి తగిన ఆధారం లేదు' అని ఉండేది. మేమెంత అధ్వానంగా ఉన్నామో వాళ్ళు నమ్మట్లేదని డల్సీ దానికి అర్థం చెప్పుకుంది. మరుసటి ఏడు ఇంకో రెండు బకెట్లు కలిపి రాసేది.

పన్నెండోసారి మాత్రం అద్భుతం జరిగింది. మంగళవారం గ్రాంటు ఆఫీసు మనిషి వచ్చి హాలు చూస్తుందని ఉత్తరం వచ్చింది. డల్సీ నన్ను కౌంటర్ మీంచి వంగి ముద్దు పెట్టుకుంది. అయితే శుక్రవారమే ఆవిడ కంటి శుక్లం ఆపరేషనుకు పట్నం వెళ్ళాలి. సోమవారం వచ్చేస్తానని బస్సెక్కింది.

ఇక మావాళ్ళ సంగతి చెప్పాలి. ఊరికి ఎవరైనా వస్తున్నారంటే వీళ్ళకు కాలూ చెయ్యీ ఆడదు. చీపుర్లు, నిచ్చెనలు, రంపాలు పట్టుకుని పొలోమని బయల్దేరుతారు. శనివారం పొద్దున్నే ముప్ఫై ఒక్కమంది హాలు దగ్గర తేలారు. ఊరి జనాభా మొత్తం తొంభై. మెర్వ్ తన పాత గొర్రెల షెడ్డు చెక్కలు ఊడదీసి తెచ్చాడు. పుచ్చిన నేలంతా పీకి కొత్తది పరిచారు, నున్నగా రుద్దారు, వార్నిష్ కొట్టారు. నేను కిటికీలకు రంగు వేశాను, దాచడమెందుకు. వచ్చే మనిషి ముందు పరువు పోకూడదు కదా అనుకున్నానే తప్ప, ఆ మనిషి ఎందుకొస్తోందో ఒక్క క్షణం ఆలోచించలేదు. ముప్ఫై ఒక్కమందిలో ఒక్కరం కూడా ఆలోచించలేదు.

సోమవారం డల్సీ కంటికి కట్టుతో బస్సు దిగింది. మెర్వ్ పెళ్ళికొడుకులా హాలు తలుపు తీసి, "ఎలా ఉంది డల్సక్కా?" అన్నాడు.

ఉన్న ఒక్క కంటితో డల్సీ నేలను అటునుంచి ఇటు చూసింది. ఇటునుంచి అటు చూసింది.

"ఒరే మెర్వూ, ఇదెవర్రా చేసింది?"

"అందరం."

"మీ అందరి బుర్రలూ కాకులెత్తుకుపోయాయిరా! నేల పోయింది, డబ్బివ్వండి మహాప్రభో అని నేను ముప్ఫై పేజీలు రాస్తే, ఆ మనిషొచ్చే ముందు నేల బాగుచేస్తార్రా? పంతొమ్మిదో పేజీలో ఏముందో తెలుసా? ముందే మొదలెట్టిన పనికి పైసా ఇవ్వరు! అయిపోయింది. కూరపొడే నాకు రాసిపెట్టుంది."

కుర్చీలో కూలబడి, కట్టు లేని కంటినుంచి ఏడ్చింది. కంటి డాక్టరు ఏడవద్దన్నాడు కదా అన్నాను. "ఆ కంటితో ఏడవట్లేదుగా" అని నా మీద విరుచుకుపడింది.

మెర్వ్ మొహం మాడిపోయింది. మళ్ళీ కన్నం కొట్టేస్తానన్నాడు. కొట్టాడు కూడా, ఇంకొకడు చెక్కలు పట్టుకుంటే ఇద్దరూ ఆ మధ్యాహ్నమంతా కూచుని. కానీ తన పనిని తనే పాడుచేయడానికి వాడికి చేతులు రాలేదు. చక్కగా చతురస్రంగా కోశాడు. ఎవరి కాలైనా చీరుకుంటుందని అంచులు నున్నగా రుద్దాడు. ఎవరైనా పడతారని చుట్టూ చిన్న కటకటాలు కట్టాడు. ఆ కన్నం చూస్తే దానికి పెళ్ళి చేయాలనిపించేలా ఉంది.

మంగళవారం వచ్చినామె పేరు టామ్సిన్. ముప్ఫై ఏళ్ళుంటాయి, చేతిలో ఫైలు. ఊరంతా తలో ప్లేటు పట్టుకొచ్చింది. స్కోన్లనే మెత్తటి బన్నులు, కొబ్బరి పొడి అద్దిన కేకులు, గుమ్మడికాయ రొట్టెలు. ఆమె ఫైలు పెట్టుకోవడానికి బల్ల మీద చోటు లేకపోయింది. కన్నం దగ్గర ఆగింది.

"ఇది పుచ్చిపోయిందా?"

"ఆఁ" అన్నాడు మెర్వ్, చూరు వంక చూస్తూ.

"అంచులకు వార్నిష్ ఉందేమిటి?"

"అలా... పుచ్చిందండి."

అప్పుడే వాన మొదలైంది. అలవాటుగా నలుగురు లేచి బకెట్లు సర్దారు. టామ్సిన్ టీ కప్పులో ఒక చుక్క పడింది.

"పైకప్పు ఎప్పటినుంచి కారుతోంది? చాలా ఇబ్బందా?" అని అందరినీ అడిగింది.

మావాళ్ళకు ఇదో జబ్బు. కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాడిని అడిగినా బానే ఉన్నానంటాడు.

"అబ్బే, పర్లేదండి."

"ఇంతకన్నా ఘోరంగా ఉన్నవి లేవూ."

"టీ కాస్త పలచబడుద్ది, అంతే."

డల్సీకి ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడింది. "నోర్ముయ్యండి అందరూ! అమ్మాయ్, ఇదంతా నాటకం. శనివారం వీళ్ళు నేల బాగుచేశారు. నిన్న నేను తిడితే మళ్ళీ కన్నం కొట్టారు. తప్పు నాది. నాకు డెబ్భై మూడేళ్ళు. నేను పోతే నావాళ్ళు ఈ హాల్లో, తల తడవకుండా, కూరపొడి లేని శాండ్‌విచ్ తినాలి. నాకు కావాల్సిందంతే. దానికి మీ ముప్ఫై పేజీల్లో గడి లేదు."

బకెట్లు మాత్రం మాట్లాడుతున్నాయి. టామ్సిన్ పెదవి కొరుక్కుంటోంది. నవ్వాపుకుంటోందని నాకు తర్వాత తెలిసింది.

"శనివారం ఎంతమంది వచ్చారు?" అంది.

"ముప్ఫై ఒకరు" అన్నాను నేను.

"ఎంతసేపు?"

"పొద్దున్నుంచి. పది గంటలుండొచ్చు. ఎవరు లెక్కెట్టారు?"

టామ్సిన్ ఫైలు తీసి గీత కొట్టిన గడి చూపించింది. "పన్నెండు దరఖాస్తుల్లోనూ ఇది ఖాళీయే డల్సీ గారూ. మీరెంత చితికిపోయారని కాదండీ మేం అడిగేది. ఊళ్ళో చెయ్యేసేవాళ్ళున్నారా అని. లేరేమో అనుకుని ఇన్నేళ్ళూ మావాళ్ళు తిప్పి పంపారు."

డల్సీ మళ్ళీ కుర్చీలో కూచుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడకు మాట రాకపోవడం ఇది రెండోసారి, మొదటిసారి దూది.

"నేలకు డబ్బు రాదు, అది అయిపోయింది" అంది టామ్సిన్. "కప్పు సంగతి వేరు. దాన్నింకా ఎవరూ ముట్టుకోలేదు కదా?"

అందరం మెర్వ్ వైపు తిరిగాం.

"నిచ్చెన తెచ్చాను" అన్నాడు.

"ఎక్కారా?"

"మోకాలు నొప్పెట్టి దిగిపోయా. ఒక్క మెట్టే."

"మీ మోకాలికి దణ్ణం" అని టామ్సిన్ రాసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరి చేతా గంటలు చెప్పించడానికి చచ్చే చావైంది. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తలలు దించుకుని చెప్పారు. మొత్తం మూడు వందల పది గంటలు. కన్నం కొట్టడానికి పట్టిన గంటలు కూడా కలపొచ్చా అని మెర్వ్ అడిగాడు. వద్దంది.

జూన్ ఇరవయ్యో తారీఖున గ్రాంటు వచ్చింది. కొత్త కప్పు పడింది. షరతు ఒక్కటే. మూడేళ్ళపాటు హాలుకు ఎవరు ఏ పని చేసినా పుస్తకంలో రాసి చూపించాలి. డల్సీ తలుపు పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీసి, దానికి పెన్సిలు కట్టింది. ఒక్కడూ రాయలేదు. ఎవరు ఊడ్చారో, ఎవరు గడ్డి కోశారో కిటికీలోంచి కనిపెట్టి ఆవిడే రాసుకునేది. "రాయవేరా?" అంటే మెర్వ్ చెవులు ఎర్రబడేవి.

మూడేళ్ళూ అయిపోయాయి. ఆఖరి నివేదిక పంపిన మరుసటి ఏడు, పోయిన ఆగస్టులో, డల్సీ తెల్లారుజామున టీ పెట్టుకుని తాగకుండానే పోయింది. నాకు ఇప్పటికీ కోపమే. చెప్పకుండా వెళ్ళింది.

లెన్ పక్కన పాతిపెట్టి అందరం హాలుకొచ్చాం. కుండపోత వాన. ఒక్క చుక్క లోపల పడలేదు. గుడ్డు శాండ్‌విచ్‌లు నేనే రుచి చూశాను, ఒక్కదాంట్లోనూ ఆ పసుప్పచ్చ పొడి లేదు. కూడ్జెల్ ఆడవాళ్ళు కూడా వచ్చి, మా వంటింట్లో దూరి, పొమ్మన్నా పోకుండా గిన్నెలన్నీ కడిగారు.

అందరూ వెళ్ళాక తాళం వేయబోతుంటే పుస్తకం కనిపించింది. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించక్కర్లేదు. రెండు పేజీలు నిండి ఉన్నాయి. 'శాండ్‌విచ్‌లు, మూడు గంటలు.' 'కుర్చీలు వేయడం, గంట.' 'కూడ్జెల్ నుంచి ఐదుగురం. గిన్నెలు. కూరపొడి తేలేదు.' అన్నిటి కిందా మెర్వ్ గీతల గీతల రాత. 'ఊరికే నిలబడ్డాను. నాలుగు గంటలు.'

నేను ఆ గుమ్మంలోనే కూచుని వెక్కివెక్కి ఏడ్చాను. తర్వాత పెన్సిలు తీసుకుని, సిగ్గుపడకుండా, 'షాజ్, ఏడవడం, అరగంట' అని రాశాను.

మరుసటి గురువారం కమిటీ మీటింగు. పదవి మీద పడుతుందన్న భయంతో ఊరు ఊరంతా వచ్చింది. మెర్వ్ లేచి, "కార్యదర్శి కావాలి. ఎవరు రాలేదు?" అని ఎప్పటిలాగే అడిగాడు. అందరం ఒకరినొకరు చూసుకున్నాం. రానిది ఒక్క మనిషే.

"అయితే ఆవిడే" అన్నాడు మెర్వ్. చేతులన్నీ లేచాయి.