టెస్టుగారి కుటుంబానికి బొంగు చికెన్

అరకు దగ్గర మా చిన్నమ్మకు ఇంటి వెనక రెండు గదులున్నాయి. మేఘాలు చూడాలని విశాఖ నుంచి వచ్చి, తీరా మేఘాలు కమ్మాక ఏమీ కనబడటం లేదని గొణిగే జనానికి వాటిని అద్దెకిస్తుంది. ఆ గదులకు వెబ్‌సైట్ నేనే చేసిపెట్టాను. కంప్యూటర్ చదువు చదివిన పాపానికి మా ఇంట్లో మిక్సీ పాడైనా నన్నే పిలుస్తారు.

సైట్లో గది అడగొచ్చు, బొంగు చికెన్ అడగొచ్చు, థింసా నాట్యం కూడా అడగొచ్చు. ఏది అడిగినా చిన్నమ్మ ఫోనుకు మెసేజ్ వెళ్తుంది. అంతా బాగానే ఉంది గానీ, ఎవరైనా రేపటికి అడిగితే మెసేజ్‌లో ఇవాళ్టి తేదీ పడుతోంది. ఆ మధ్య ఒక జంట కోసం చిన్నమ్మ ఒకరోజు ముందే వండేసి, ఆ కూరంతా మా చేత తినిపించింది. తింటున్నంతసేపూ నన్ను తిట్టింది.

దాని సంగతి తేల్చాలని ఒక ఉదయం లాప్‌టాప్ పట్టుకుని కాఫీ తోట పైనున్న బండ ఎక్కాను. ఇంటి దగ్గర సిగ్నల్ మాటలకూ మెసేజ్‌లకూ చాలుతుంది. ఇంటర్నెట్ కావాలంటే బండే గతి.

నా లాప్‌టాప్ పాతది. పెద్ద ప్రోగ్రాం ఏది తెరిచినా ఘాట్ ఎక్కుతున్న జీపులా రొద చేసి ఆగిపోతుంది. అందుకని నా పనంతా బ్రౌజర్‌లోనే. ఎక్కడో ఉన్న మరో కంప్యూటర్ నా బదులు ఆయాసపడుతుంది. ఒక విండోలో కోడ్ రాస్తాను. రెండో విండోలో సైటు నకలు నడుస్తుంది. అది పరీక్ష కోసమే, అందులో ఏం నొక్కినా ఎవరికీ మెసేజ్ పోదు. నకలు లోపల ఏం జరుగుతోందో మూడో విండో వరుసగా రాసి చూపిస్తుంది. ఆ రోజు పోల్చి చూద్దామని నాలుగో విండోలో అసలు సైటు కూడా తెరిచాను. అసలుకీ నకలుకీ తేడా పైన చీమల్లా కనిపించే అడ్రసులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ బుల్లి తెర మీద నాలుగూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

పేరు దగ్గర ‘టెస్ట్’ అని కొట్టి, రేపటి తేదీ పెట్టి, ఉన్న గడులన్నీ టిక్ చేసి పంపాను. మూడో విండోలో ఏమీ పడలేదు. కోడ్ ఇక్కడిదాకా వస్తే చెప్పమని ‘వచ్చావా తల్లీ’ అనే వరుస ఒకటి రాశాను. ‘టెస్ట్ టూ’ పేరుతో మళ్ళీ పంపాను. తల్లి రాలేదు. ‘వస్తావా, రావా?’ అని మార్చి ‘టెస్ట్ త్రీ’ని పంపాను. ఆ తర్వాత నేను కోడ్‌లో రాసిన మాటలు ఇక్కడ రాయలేను. టెస్టులు మాత్రం ఒకరి వెనక ఒకరు వెళ్తూనే ఉన్నారు.

అంతలో ఫోను మోగింది. చిన్నమ్మ.

“ఒసే గుంటా, టెస్టుగారోళ్ళు కారం తింటారేటే?”

“ఏ టెస్టుగారు?”

“ఇయ్యాల వస్తన్నోళ్ళే. ముందు ఆయనొక్కడే అన్నాడు. తర్వాత టెస్ట్ టూ అట, టెస్ట్ త్రీ అట. ఒకే ఇంటోళ్ళలాగున్నారు. అందరికీ బొంగు చికెనే కావాలంట, అందరికీ థింసా సూడాలంట.”

అప్పుడు చూశాను తెర పైన అడ్రసు. పొద్దున్నుంచీ నేను నొక్కుతున్నది అసలు సైటు.

“సిన్నమ్మా, కోళ్ళు కోసీలేదు కదా?” అన్నాను.

“కోసీడమేటి, సగం కోళ్ళు బొంగుల్లో కూరి నిప్పుల మీదెట్టీసినాం. నువ్వు బేగి దిగు, ఇస్తరాకులు కుట్టాల.”

దిగేసరికి పెరడంతా పొగ. నాట్యానికి వచ్చిన ఆడవాళ్ళు ఒకేలాంటి చీరల్లో, కొప్పుల్లో పూలతో వరసగా కూర్చున్నారు. టెస్టుగారు లేరనీ, ఆయన వంశమంతా నేనే సృష్టించాననీ చెప్పాను. చిన్నమ్మ చేతిలో కాలుతున్న బొంగు ఉంది. అది నా వైపు తిరుగుతుందేమోనని రెండడుగులు వెనక్కి వేశాను.

వచ్చినవాళ్ళలో పెద్దావిడ అడిగింది, “అంటే ఆ టెస్టుగారోళ్ళు ఎవులూ రారా?”

“రారు.”

“మరింకేటి ఆలస్యం? మాకెట్టీయండి.”

బొంగులు చీల్చాం. ఆ వాసనకు చిన్నమ్మ కోపం కూడా కాస్త తగ్గింది. ఎముకలు మిగిలాక అందరూ లేచి చేతులు కలిపి ఆడారు. వీడియో తీసేవాళ్ళు లేరు, మధ్యలో దూరి సెల్ఫీలు దిగేవాళ్ళూ లేరు. నన్ను వరసలోకి లాగితే రెండుసార్లు పక్కావిడ కాలు తొక్కాను. “గుంటకి అడుగు కూడా టెస్టే” అని ఆవిడ అంటే చిన్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

సాయంత్రం మళ్ళీ బండ ఎక్కాను. ఈసారి చిన్నమ్మ కూడా నా వెంటే వచ్చింది, కాపలాకి. తప్పు దొరికింది. ఆ దూరపు కంప్యూటర్ మన గడియారం కాక ఇంగ్లండ్ గడియారం చూస్తోంది; మన అర్ధరాత్రికి రేపు మొదలైతే, దానికి అప్పటికింకా ఇవాళే. ఒక్క వరుస మారిస్తే సరిపోయింది. ఇంకోసారి పొరబడకూడదని నకలు సైటు మొత్తానికీ కళ్ళు చెదిరే పసుపు రంగు వేశాను.

చిన్నమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది.

“ఇదే బాగుంది. పసుపు రాసిన గడపలాగుంది. నాకిదెట్టీ, ఆ తెల్లది నువ్వుంచుకో.”

“అది పరీక్షకి, సిన్నమ్మా!”

“తెల్లదాంతో సేసుకో పరీచ్చలు. ఎవరొద్దన్నారు?”

కడుపు నిండా చికెన్ ఉన్నప్పుడు వాదించడం కష్టం. అసలు సైటుకు పసుపు పూసి, నకలును తెల్లగా మార్చాను. అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యి, ఇంకా పెద్దవి చెయ్యి అంటూ పొద్దు వాలేదాకా ఆవిడ బండ దిగలేదు.