సూరయ్య మావ తొలి ట్రిప్పు

మా పల్లె నుంచి విజయనగరానికి నేరుగా వెళ్లిన మొదటి బండి సూరయ్య మావది. సముద్రం మీద చేపల వేట మానేశాక బావమరిది కొండబాబుతో కలిసి ఓ పాత మినీబస్సు కొన్నాడు. నేను ఇంటర్లో చేరిన ఏడాది, అంటే రెండువేల పన్నెండు. వెనకసీట్లలో చేపల గంపలతో మా అమ్మలు, ముందుసీట్లలో పౌడరు రాసుకుని కాలేజీకెళ్లే మేం. అమ్మ గున్నమ్మ వెనక నుంచే నా జడ సరిగ్గా ఉందో లేదో చూసేది.

వానాకాలంలో గొడవ మొదలైంది. గంపలోంచి కారిన నీళ్లు సంగీతం చెప్పే ఓ టీచరమ్మ చీరకి అంటుకున్నాయి. దారిలో ఎక్కే పిల్లల ఇళ్లవాళ్లు కొండబాబుని పట్టుకుని, ఇలాగైతే పిల్లల్ని ఈ బస్సులో పంపేది లేదన్నారు. ఏటా వేసవిలో వేట నిషేధం వస్తే గంపలే ఉండవు, చదువుకునేవాళ్లయితే ఏడాదంతా వస్తారన్నది కొండబాబు వాదన. గంపలు ఎక్కించొద్దని మావకి గట్టిగా చెప్పాడు.

ఆ మాట విని అమ్మ నన్ను వెంటబెట్టుకుని మావ ఇంటికెళ్లింది.

"అన్నా, ఎనక కూకున్నది నేను, ముందు కూకున్నది నా కూతురు. ఇద్దర్లో ఎవుల్ని దింపేస్తావో సెప్పు" అంది.

మావ మాకు టీ పెట్టమని అత్తకి చెప్పాడు.

గంపలు బస్సు పైన కట్టి చూశాడు. నీళ్లు కిటికీల్లోంచి లోపలికి కారాయి. చివరికి రెండు ట్రిప్పులు వేశాడు, తెల్లారకుండా గంపలకి, తర్వాత మాకు. అంత పెందరాళే రాలేనని డ్రైవరు ఈశ్వర్ అన్నాడు. అతని ఇంట్లో పసిబిడ్డ. రెండోసారి డీజిల్ ఖర్చు తనకి పట్టదని కొండబాబు అన్నాడు. దాంతో మావే లైసెన్సు తీసుకుని తొలి ట్రిప్పు తోలడం మొదలుపెట్టాడు.

సెలవురోజుల్లో నేనూ ఆ ట్రిప్పుకి వెళ్లేదాన్ని. అంత సందడి బస్సు నేను మళ్లీ ఎక్కలేదు. ఇంజను ఆగిపోతే ఆడవాళ్లంతా దిగి, మావని ఆటపట్టిస్తూ తోసేవారు. కూడలి దగ్గర టీ కొట్టు ముందు ఆగితే తూర్పు ఎర్రబారేది. చలికి అమ్మ కొంగు నా భుజాల మీద కప్పేది. మార్కెట్లో అందరూ దిగాక మావ ఒక్కడే బస్సంతా కడిగి, పసుపునీళ్లు చల్లి, మా కోసం వెనక్కి తెచ్చేవాడు.

నేను డిగ్రీ ముగించేసరికి ఊళ్లోకి షేర్ ఆటోలు వచ్చాయి. వాటిలో రెండు కొండబాబువే. గంపలు ఎక్కించుకుని మార్కెట్ గుమ్మం దగ్గరే దింపేవి. "ఆడూ బతకాల కదా" అని మావ ఊరుకున్నాడు. ఒక్కొక్కరే అటు మళ్లారు. ఓ రోజు తొలి ట్రిప్పుకి అమ్మ ఒక్కతే మిగిలింది. ఆటోలో పోతాను, వెనక్కి తిప్పేయమంది.

"ఎక్కినావు కదా, కూకో" అన్నాడు మావ.

విజయనగరం దాకా ఒక్క మనిషితో బస్సు తోలాడు. దారిలో ఆగి ఇద్దరూ టీ తాగారట. మర్నాటి నుంచి అమ్మ ఆటో ఎక్కింది. ఆ ఏడాది పెద్దపండక్కి ముందే మావ బస్సు అమ్మేశాడు.