డ్రైవరు ఎంచుకున్న వీధి

"ఏ వీధైనా సరే, మీ ఇష్టం" అంది భార్య. "చీకటి పడే వేళకి బయల్దేరదాం. కాసేపు నడుద్దాం, ఐస్‌క్రీమ్ తిందాం, వచ్చేద్దాం. నా చెయ్యి పట్టుకోకుండా, ఎక్కడా తడబడకుండా నడిచారా, ఇక ఆ మాట జన్మలో ఎత్తను. తడబడ్డారా, డిపోలో మీరే చెప్పాలి."

ఆ మాట ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఇరవయ్యారేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషికి ఆరు నెలలుగా పొద్దుగూకితే చూపు ఆనడం లేదు. పగలంతా బాగానే ఉంటుంది. వెలుతురు తగ్గేసరికి మనుషులు గోడల్లో కలిసిపోతారు, ఎదురొచ్చే లైట్లు కళ్ళ నిండా పరుచుకుంటాయి. పెరట్లో నీళ్ల బకెట్టుని తన్నుకున్న రోజే ఆమె కనిపెట్టేసింది. ఆయన మాత్రం సాయంత్రం డ్యూటీ మానలేదు. చెబితే స్టీరింగు దగ్గర్నుంచి లేపేస్తారు. తీసుకెళ్లి డీజిలు పంపు దగ్గరో, బస్సులు కడిగే చోటో నిలబెడతారు. ఆ ఊహకే ఆయనకి అన్నం సహించేది కాదు.

మధ్యాహ్నమంతా మంచం మీద దొర్లుతూ మనసులోనే ఊరంతా తిరిగొచ్చాడు. నది ఒడ్డు చల్లగా ఉంటుంది గానీ దీపానికీ దీపానికీ మధ్య చీకటి. బట్టల కొట్ల వీధి పట్టపగల్లా వెలుగుతుంది గానీ మొహం మీద కొట్టే లైట్లు, తోసుకునే జనం. కొత్త కాలనీలో రోడ్లు అద్దంలా ఉంటాయట, కానీ ఆయన ఎప్పుడూ అటు పోలేదు. చివరికి తన బస్సు రోజూ తిరిగే గడియారం వీధే ఖాయం చేసుకున్నాడు. అక్కడ గుంత ఎక్కడుందో, ఏ మలుపుకి ఎంత తిప్పాలో చేతులకే తెలుసు. కళ్ళతో పనేముంది?

"రోజూ తిరిగే దారేనా? పరీక్షకి చీటీలు పెట్టుకొస్తున్నారన్నమాట" అంది ఆమె.

"నా ఇష్టమన్నావుగా."

"అన్నాను. పదండి."

వీధి మొదట్లో బస్సు దిగి పది అడుగులు వేసేసరికి తను చేసిన పొరపాటేమిటో తెలిసొచ్చింది. తనకి తెలిసింది రోడ్డు. కాలిబాట కాదు. డ్రైవరు సీట్లోంచి అది పక్క అద్దంలో జారిపోయే బూడిదరంగు చార, అంతే. దాని మీద ఎన్ని మెట్లున్నాయో, ఏ కొట్టువాడు బల్ల బయటికి జరిపాడో, ఏ బండ పైకి లేచిందో ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

చెప్పు మొన దేనికో తగిలింది. ఆగి, వాచీ చూసుకుంటున్నట్టు చెయ్యెత్తాడు.

"టైమెంతయింది?"

ముళ్ళు కనబడితే కదా. "ఆరున్నర కావస్తోంది" అన్నాడు.

ఆమె కావాలనే రెండడుగులు ముందు నడుస్తోంది. ఆయన ఆమె చెప్పుల చప్పుడు పట్టుకుని నడిచాడు. అది ఆగితే ఆగాడు, మెట్టెక్కితే తనూ కాలెత్తాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"బస్సు కూడా ఇంత మెల్లగానే నడుపుతారా?"

"షికారుకొచ్చి పరుగెత్తమంటావా?"

"నేనేమన్నాను? అడిగానంతే."

ఐస్‌క్రీమ్ కొట్లో తెల్లటి ట్యూబులైట్లు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గోడ మీది పేర్లన్నీ గట్టిగా చదివి వినిపించాడు. తిన్నది ఏమిటో మాత్రం నాలుకకి తెలియలేదు.

"ఇంకోటి చెప్పనా?" అన్నాడు.

"ఇక్కడే పక్కేసుకుంటారా ఏం? లేవండి."

బయట పూర్తిగా చీకటి పడింది. బస్‌స్టాప్ వంద అడుగులు ఉంటుందేమో. అయిపోయింది, గట్టెక్కాను అనుకున్నాడు. ఆ హుషారులో ఆమెను దాటి ముందుకి నడిచాడు.

మోకాలికి మెత్తగా ఏదో తగిలింది. "అమ్మా!" అని చిన్న గొంతు.

"కళ్ళు కనబడవా పెద్దాయనా?" పక్కనుంచి ఒకావిడ పిల్లని లాక్కుంది. "ఎదురుగా నిలబడుంటేనూ!"

"పరిగెత్తుకొచ్చిందా?"

"పరిగెత్తడమేంటి! మీరు కొట్లోంచి బయటికొచ్చినప్పట్నుంచీ ఇక్కడే ఉంది. కదిలితే ఒట్టు."

ఆయన వంగాడు. జానెడు దూరంలోకి వచ్చాక గానీ మొహం కనబడలేదు. ముదురు రంగు గౌను, ఐదేళ్లుంటాయి.

"దెబ్బ తగిలిందా తల్లీ?"

"లేదు తాతా. ఐస్‌క్రీమ్ పడిపోయింది."

భార్య కొట్లోకి వెళ్ళి ఇంకోటి తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. తల్లీకూతుళ్లు వెళ్ళిపోయారు. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద ఒక బస్సు గేరు మార్చుకుంటూ పోయింది. దాని నంబరు ఆయనకి కనబడలేదు.

"పిల్లలన్నాక దారికి అడ్డంగానే నిలబడతారు" అంది ఆమె నెమ్మదిగా. "ఎవరికైనా తగులుతారు. దీన్ని లెక్కలోకి తీసుకోనులెండి."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఆమె వైపు చాపాడు. "డిపో నంబరు నొక్కివ్వు."

"ఇంటికెళ్లాక చేద్దురుగాని."

"ఇప్పుడే. ఇంటికెళ్తే చెయ్యను."

డ్యూటీలు వేసే గుమస్తా ఎత్తాడు. "ఏంటి గురూ, సెలవునాడు కూడా మా మీద బెంగేనా?"

"రేపు సాయంత్రం నా బండి ఇంకెవరికైనా ఇవ్వు."

"జ్వరమా? ఒక్కరోజుకేనా?"

"జ్వరం కాదు. చీకటి పడితే నాకు కనబడటం లేదు. ఆరు నెలలైంది."

అవతల ఎవరో నవ్వుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఆరు నెలలా?" అన్నాడు గుమస్తా. "ఉండు. మేనేజరుగారిని పిలుస్తాను."

డ్రైవరు ఫోన్‌ని రెండు చేతులతో చెవికి ఆనించుకుని, మేనేజరు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.