వాగు దాకానే ఆ కోర్టు

నా చిన్నప్పుడు, కోలారు బంగారు గనుల్లో మేముండే కూలీ లైన్ల వరస ఇళ్ళలో కోర్టంటే అందరికీ భయమే. రోజూ పాతాళంలోకి దిగివచ్చే మగవాళ్ళు కూడా ఆ రాతి కట్టడం ముందు నడిచేటప్పుడు గొంతు తగ్గించేవారు. తెల్లదొరల కాలంలో బంగారు రాయి దొంగిలించిన కూలీలను నిలబెట్టడానికే దాన్ని కట్టారని మా అవ్వ చెప్పేది. తరువాత గోడ తగాదాలూ బాడుగ తగాదాలూ అక్కడికే రావడం మొదలైంది. గనులు సర్కారువి అయ్యాక, ఇంక కోర్టు కూడా మనదేనని కొందరు అనేవారు. పక్కింటి అక్క ఆ మాట నమ్మింది.

అక్క పెనిమిటి గనిలో రాయి పేలి చనిపోయాడు. దినాలకని వచ్చిన అత్తమామలు, అప్పుడప్పుడే మాటలు వస్తున్న ఆమె కొడుకును తమ పల్లెకు తీసుకుపోయారు. నాలుగు రోజులుంచుకుని పంపిస్తామన్నవాళ్ళు మళ్ళీ పంపలేదు. అక్క వెళితే గుమ్మం తొక్కనివ్వలేదు. వయసులో ఉన్నదానివి, రేపు ఇంకొకడిని కట్టుకుంటావు, మా వంశం నీకెందుకు అన్నారట. ఆ పల్లె మాకు నడిచిపోయేంత దూరమే. కానీ మాది మైసూరు రాష్ట్రం, మధ్యనున్న వాగు దాటితే ఆంధ్ర.

ఒకరోజు అక్క మా అవ్వను కోర్టుకు తోడు రమ్మంది. ఇంట్లో ఎవరూ లేరని అవ్వ నన్నూ వెంటబెట్టుకుంది. వరండాలో చాలాసేపు నిలబడ్డాం. చివరికి ఒక ముసలి బంట్రోతు మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, సంగతంతా విన్నాడు. లోపలికి వెళ్ళి ఎవరో వకీలును అడిగి వచ్చాడు. వెళ్ళినంత చురుగ్గా తిరిగి రాలేదు.

"అమ్మా, ఈ కోర్టు హద్దు వాగు దాకానే. బిడ్డ యాడుంటే ఆ జిల్లా కోర్టులోనే కేసు వెయ్యాల. మీరు చిత్తూరు పోవాల" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకే చూస్తూ, "నేను వాణ్ణి కన్నది ఈడే గదప్పా?" అంది.

 రేపు రమ్మని ఆయన తప్పించుకోవచ్చు, అలా చేయలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆమె ఏడుపు ఆగేదాకా బెంచీ పక్కనే నేలమీద కూర్చున్నాడు.

బయటికి వచ్చాక అవ్వ ఏదో ఒకటి చెప్పి ఓదారుస్తుందనుకున్నాను. ఎంత కష్టానికైనా ఆమె దగ్గర ఒక సామెత ఉండేది. ఆ రోజు లేదు. ఇంటిదారి వదిలి వాగువైపు తిరిగి, "పదమ్మా, బిడ్డను చూసన్నా వద్దాం" అంది.

ఆ ఇంటివాళ్ళు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఎదురింటి అరుగు మీద కూర్చున్నాం. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లవాడు అక్కను చూసి నవ్వాడు. అంతలోనే నాయనమ్మ వచ్చి ఎత్తుకుపోయి తలుపు వేసుకుంది. అయినా పొద్దు వాలేదాకా అవ్వ లేవలేదు. అక్కడినుంచి వారం వారం ఇద్దరూ పోయి ఆ అరుగు మీదే కూర్చుని వచ్చేవారు.

చిత్తూరులో కేసు వేశారు. అది వాయిదాల మీద నడుస్తుండగానే పిల్లవాడు బడి ఈడుకు వచ్చాడు. ఎవరి దగ్గర ఉంటావని జడ్జి అడిగితే నాయనమ్మ కొంగు పట్టుకున్నాడట. అక్క ఆ తరువాత మా లైన్లలో ఎక్కువ కాలం ఉండలేదు.

ఇప్పుడు నాకు ఆనాటి అవ్వ వయసు. తీరని కష్టంతో ఎవరైనా నా దగ్గరికి వస్తే, అంతా సర్దుకుంటుందని చెప్పడానికి నోరు రాదు. చెప్పులు తొడుక్కుని, ఎక్కడికి పోవాలని మాత్రం అడుగుతాను.