చెద పట్టని కావడి బద్ద

ఎనభై నాలుగో సంవత్సరం, పెరటాసి నెల రెండో శనివారం, పొద్దున పదకొండుంబావు. మా కొట్టుకు ఎదురుగా ఉన్న సైకిల్ షాపులో గోడ గడియారం ఉండేది. అబద్ధం నా నోట్లోంచి బయటికి వచ్చాక నేను చూసింది దాన్నే. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం చూడలేకపోయాను. అందుకే గంట గుర్తుంది.

అప్పటినుంచి ఆ మాటను మోస్తున్నాను. నేను వడ్రంగిని. బరువంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎంత పెద్ద దూలమైనా నాలుగు రోజులు మోస్తే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఇది మాత్రం అలవాటు కాలేదు.

నాకు అక్షరాలు వచ్చింది అరవై రెండో ఏట. నేర్పింది మా కోడలు, పుత్తూరు పిల్ల. మా మనవళ్ళకే తెలుగు చదవడం రాదు, అరవం చదువుతారు. ముసలాయనకు ఇప్పుడు తెలుగెందుకని ఇంట్లో అందరూ నవ్వారు. ఎందుకో నేను చెప్పలేదు. ఇది ఇంకొకరికి చెప్పి రాయించుకునే సంగతి కాదు, అందుకు. అక్షరం తప్పు పోయిన చోట మీరే సర్దుకుని చదవండి.

క్షమించమని అడగడానికి రాయడం లేదు. అడగడం నావల్ల కాదు, క్షమించడం మీవల్లా కాదు. తిట్టుకోవాలంటే తిట్టుకోండి. జరిగింది జరిగినట్టు విన్నాక తిట్టుకోండి.

తిరుత్తణిలో కొండకు పోయే దారిలో నా కొట్టు. వెనకే ఇల్లు. తలుపులు, కిటికీలు చేసేవాణ్ణి; ఆడికృత్తిక తిరునాళ్ళు దగ్గరపడితే కొండమీది స్వామికి మోసే మొక్కు కావళ్ళు. భుజాన మోసే బద్ద ఒకటి, దాని మీద విల్లులా వంచిన చట్రం, రెండు పక్కలా నెమలి ఈకలు. అంతే కావడి. చాలామంది ఏటా కొత్తది కొంటారు. కొన్ని ఇళ్ళకు మాత్రం సొంత బద్ద ఉంటుంది. తాత మోసింది తండ్రి, తండ్రి మోసింది కొడుకు. కొండ దిగాక ఈకలు, గుడ్డలు విప్పి ఇంటికి తీసుకుపోతారు, బద్దను నా దగ్గర వదిలిపోతారు. నేను దానికి ఆముదం పట్టించి, చీలిక ఉంటే బిగించి, అటక మీద పెడతాను. మళ్ళీ ఏడాదికి వచ్చి తీసుకుంటారు. చీటీ ఉండదు, పేరు రాసేది ఉండదు. చేత్తో తడిమితే ఏది ఎవరిదో నాకు తెలిసేది.

గోవిందు ఇంటి బద్ద పాత టేకుది. మూడు తరాల భుజాలు మోసి మోసి నడిమధ్యలో అది అరచెయ్యంత మేర అరిగి, నున్నగా గుంట పడింది. గోవిందు కొండ పక్క పల్లెలో సేద్యం చేసేవాడు, నాకు స్నేహితుడు. ఎనభై మూడు ఆడికృత్తికకు మోశాడు, బద్ద నాకిచ్చి పోయాడు, రెండు నెలలు తిరక్కుండా జ్వరంతో చనిపోయాడు. ఇద్దరూ ఆడపిల్లలే. మైల ఏడాది కాబట్టి మరుసటి ఆడికి ఆ ఇంట్లో ఎవరూ మోయలేదు. బద్ద నా అటక మీదే ఉండిపోయింది.

ఆ ఏడే మద్రాసు దారిలో మణవాళనగర్ దగ్గర ఒక కంపెనీ ఆఫీసు కట్టింది. పేరు అనవసరం. లోపలి అలంకరణకు మద్రాసు నుంచి డిజైనర్ ఒకాయన వచ్చాడు, చిన్న వయసు. కొయ్యపని నాకు అప్పజెప్పాడు. అప్పటిదాకా నేను చూసిన ఆఫీసులంటే ఇనప బీరువా, ఆకుపచ్చ గోడ, కుంటి బల్ల. ఈయన కాగితాలు పరిస్తే నాకు మతిపోయింది. గాజు తలుపులు, చల్లగాలి మిషన్లు, ప్లైవుడ్ కప్పు, ఆ కప్పులో దాచిన దీపాలు. అంతటితో ఆగలేదు. "మద్రాసులో ఏ ఆఫీసుకు పోయినా ఒకటే బల్ల, ఒకటే గోడ. ఇక్కడ తలుపు తోసిన మనిషికి తను ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియాలి" అన్నాడు. గుమాస్తాల బల్లల మధ్య అడ్డు పలకలకు మన మగ్గాల మీద నేసిన గళ్ళ గుడ్డ బిగించమన్నాడు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి పాత రైలు పట్టాల కింది దుంగలతో బెంచీ చేయించాడు. లోపలికి రాగానే ఎదురుగా ఉండే పెద్ద గోడ మాత్రం కొండ. కింద నల్లరాతి మెట్లు, వాటి మీద కావళ్ళ బద్దలు ఒకదానిపై ఒకటి ఎక్కిపోతున్నట్టు. మనిషి ఒక్కడూ కనపడడు. జనం ఎక్కుతున్నట్టే ఉంటుంది.

ఆ కాగితం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సంగతి ఇప్పుడూ దాచను. ముప్పై ఏళ్ళు కావళ్ళు చేశాను. జనం వాటిని మోశారు, మొక్కారు, విప్పి పారేశారు. ఒక్కడైనా నిలబడి కొయ్యను చూశాడా? ఈయన దాన్ని గోడకెత్తి దీపం పెడతానంటున్నాడు.

కొత్త బద్దలన్నీ చేశాను. నడిమధ్యన ఒక్కటి మాత్రం మోసిన బద్ద కావాలన్నాడు. ఎక్కడ తెస్తాను? గుండ్రటి ఉలితో గుంట తవ్వి, ఉప్పుకాగితంతో నునుపు చేసి, ఆముదంలో దీపం మసి కలిపి రుద్దాను. మంచి పని. ఎవడైనా మోసపోతాడు. ఆయన వేలితో ఒక్కసారి తడిమి, "ఇది ఉలి చేసింది. భుజం ఇంత సమంగా అరగదీయదు" అన్నాడు. నిజమే. మెడ పక్క ఎక్కువ అరుగుతుంది, బయటి పక్క తక్కువ. నాకు తెలిసీ చెయ్యలేకపోయాను. అప్పుడాయన తలెత్తి అటక చూశాడు. గోవిందు బద్దను చూపించి, అదెవరిదని అడిగాడు.

"అడిగేవాళ్ళు లేరు సార్" అన్నాను.

అది మొదటి అబద్ధం. అబద్ధమని నాకు అప్పుడు తెలియదని చెప్పుకోవచ్చు. మగపిల్లలు లేని ఇల్లు, ఇక ఎవరు మోస్తారు అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అనుకోవాలని అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం కారు పంపిస్తాను, కట్టి పెట్టు అని చెప్పి వెళ్ళాడు. శనివారం పొద్దున నాతో పనిచేసే ఏసుదాసు దాన్ని గోనె గుడ్డలో చుట్టి, గోడకు నిలబెట్టిన ప్లైవుడ్ పలకల వెనక పెట్టాడు.

పదకొండు దాటాక మునెమ్మ వచ్చింది. గోవిందు భార్య. వెంట ఆమె మరిది నరసింహులు.

"బాగుండావా అన్నా? ఆయన ఏడాది కార్యం మొన్ననే అయిపోయినాది. తైపూసం పండక్కి నేనే ఎత్తుతా ఉండాను. బద్ద ఒకసారి చూసిపోదామని వచ్చినా."

నేను నోరు తెరిచేలోపే నరసింహులు అందుకున్నాడు. "నువ్వన్నా చెప్పన్నా. అంగడి నుంచి బియ్యం సంచి తెచ్చేకే కాదు ఈమెకి, కావడి ఎత్తుతాదంట."

"సంచి ఒకరోజన్నా నువ్వు మోసుంటే నాకు కాదో అవుతాదో తెలిసుండేది నాయనా" అంది మునెమ్మ. నవ్వింది కూడా. ఏడాది తరవాత ఆమె నవ్వడం అదే చూడటం. "ఆడోళ్ళు ఎంతమంది ఎత్తడంలేదు? ఆ ఇంటి మొక్కు నాతో ఆగకూడదు, అంతే. యాడ పెట్టినావన్నా, అటక మీద లేదే?"

బద్ద చెక్కు చెదరకుండా ఉంది. ఇంకా రంపం కూడా పడలేదు. రెండు అడుగులు వేసి, పలకలు జరిపి, ఇదిగో తీసుకోమ్మా అంటే అయిపోయేది. డిజైనర్ సార్‌కు ఇంకేదో చెప్పుకునేవాణ్ణి. గోడ మీద ఉలి చేసిన గుంటే ఉండేది. ఇన్నేళ్ళుగా ఆ రెండు అడుగులే వేస్తున్నాను.

"చెద తినేసిందమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "టేకు గదన్నా? నువ్వు ఏటా ఆముదం పెడతా ఉంటివి. టేకుకి చెద పడతాదా?"

అప్పుడు అన్నాను ఆ మాట. "స్వామి వద్దనుకుంటే ఇనుముకైనా పడతాదమ్మా."

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పని తెలిసిన మనిషి ప్రశ్న అడిగింది, నా పనితనాన్ని అడిగింది, తట్టుకోలేక స్వామిని అడ్డం పెట్టాను. నరసింహులు రెండు చేతులూ చాచాడు. "చూసినావా వదినా? నేను చెప్తే ఇనకపోతివి. ఇప్పుడు స్వామే చెప్పేసినాడు."

మునెమ్మ మళ్ళీ ఒకసారి అటక వైపు చూసింది. "మిగిలిన పుడకలుంటే ఇయ్యన్నా. మోసిన కొయ్య గదా, నీళ్ళల్లో వదిలేస్తాను" అంది.

కొట్టు వెనక చెద తిన్న పాత వాకిలి చట్రం ఒకటి పడి ఉంది. ఎవరి ఇంటిదో కూడా తెలియదు. అందులోంచి నాలుగు పేళ్ళు విరిచి తెచ్చి ఇచ్చాను. కొంగు పట్టి తీసుకుంది. కళ్ళకు అద్దుకుంది. చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడు పడబోయి, ఆ ప్లైవుడ్ పలకల మీద చెయ్యి ఆనించింది. ఆమె చేతికీ బద్దకూ మధ్య ముక్కాలంగుళం కొయ్య. ఏసుదాసు చిత్రిక ఆపేసి నేల చూస్తున్నాడు. ఇంటి తలుపు వెనక నా భార్య ధనమ్మ గాజుల చప్పుడు వినపడింది.

మధ్యాహ్నం కారు వచ్చింది. ఇచ్చి పంపాను.

ఆఫీసు తెరిచిన రోజు ధనమ్మను తీసుకుపోయాను. నిజం చెబుతున్నాను, అంత అందమైన గోడ నేను మళ్ళీ చూడలేదు. పైనుంచి పడే వెలుగులో ఆ గుంట నీడ పట్టి మెరుస్తోంది. కోటులు వేసుకున్నవాళ్ళు వచ్చి అందులో చెయ్యి పెట్టి చూస్తున్నారు. నాకు ఛాతీ పొంగింది. పొంగిందంటే పొంగింది, ఇప్పుడు సిగ్గుపడి కొట్టేయను. ధనమ్మ చూసి, "గోవిందన్నది గదా" అంది. అంతే. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తరవాత నాతో కొండకు మాత్రం ఎప్పుడూ రాలేదు; ఒక్కతే పోయేది. ఏసుదాసు నెలాఖరుకు వేరే పని చూసుకున్నాడు. నేను కారణం అడగలేదు.

మునెమ్మ కావడి ఎత్తలేదు. ప్రతి ఆడికృత్తికకూ మెట్ల మొదట్లో మజ్జిగ కుండ పెట్టుకుని కూర్చునేది, ఎక్కేవాళ్ళకు పోసేది. తను ఎక్కేది కాదు. ఎందుకు ఎక్కవని ధనమ్మ అడిగితే, స్వామికి నేను పనికిరాలేదులే అక్కా అన్నదట. నేను కూడా ఆమె చేతి మజ్జిగ తాగాను. ఒకసారి కాదు. తాగి, మూతి తుడుచుకుని, బాగుందమ్మా అన్నాను.

ఎందుకు చెప్పలేదు? డిజైనర్‌కు భయపడ్డానా? లేదు. ఆయన మళ్ళీ మా ఊరు రాలేదు. పరువా? ఉంటే ఉండొచ్చు. ఇంకొకటుంది, అది రాయడానికే చెయ్యి ఆగుతోంది. కావడి ఎత్తే ఆడవాళ్ళను నేను వందలమందిని చూశాను, వాళ్ళకు నా చేత్తో చేసిచ్చాను. అయినా ఆ బద్ద, గోవిందు భుజం పెట్టిన చోట, ఈమె పెట్టడమేమిటని నాలోనూ ఉంది. నరసింహులు బయటికి అన్నాడు. నేను లోపల అనుకున్నాను. గోడ మీద పరాయివాళ్ళు చెయ్యి పెడితే ఓర్చుకున్నాను, అతని భార్య భుజం పెడతానంటే ఓర్చుకోలేకపోయాను.

కొన్నేళ్ళకు ఆఫీసు మార్చి కట్టారు. గోడ పీకేశారు. బద్ద ఏమైందని వెళ్ళి అడిగాను, కాపలావాడికి గోడ సంగతే తెలియదు. మునెమ్మ పోయి ఆరేళ్ళు. ధనమ్మ అంతకుముందే పోయింది. ఇప్పుడెవరికి చెప్పాలని మీరు అడగొచ్చు. మీకే చెబుతున్నాను. గోడ అందంగా ఉందన్న మాట నేను వెనక్కి తీసుకోను. ఊరిని ఆ గోడ మీద పెట్టాలని నేను కోరుకున్నది తప్పని ఎవరు చెప్పినా ఒప్పుకోను. మునెమ్మకు చెప్పిన మాట మాత్రం తప్పు. చేసింది నేను. పలక మీద కాకుండా కాగితం మీద మొదటిసారి రాసింది ఈ మాటే. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.

ఆ శనివారం పదకొండుంబావుకు నా కొట్టులో ఉన్నవాళ్ళు: గోవిందు భార్య మునెమ్మ. ఆమె మరిది నరసింహులు. చిత్రిక ఆపేసిన ఏసుదాసు. తలుపు వెనక నా భార్య ధనమ్మ. నేను. ఇంకెవరూ లేరు. స్వామి ఆ పొద్దు అక్కడికి రాలేదు, మునెమ్మను వద్దనలేదు. అన్నది నేను.