బిందెడు నీళ్ల తేడా

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది అది. గూడూరు పక్కన కోట అనే ఊరి దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. తెలుగు లెక్చరర్ రహమతున్నీసా గారు కాలేజీ పత్రికకు రాసిన కథ తెచ్చి, "సైన్సు తప్పులుంటే చెప్పండి సార్" అన్నారు.

ఆమె తమ్ముడు మస్తాన్ అంతకుముందే రొయ్యల చెరువులో పనిచేస్తూ షాక్ కొట్టి చనిపోయాడు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్‌కు వెళ్లే వైరు నిండా అతుకులే. మార్చమని మస్తాన్ ఎంత అడిగినా మార్చలేదు. ఆ చెరువు మా కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారిది. కథలో అక్క కాలంలో వెనక్కి వెళ్లి, తమ్ముడు నీళ్లలో దిగకముందే స్విచ్చి ఆపేస్తుంది.

"కన్జర్వేషన్ లా అడ్డొస్తుంది మేడం" అన్నాను. పదార్థం, శక్తి కొత్తగా పుట్టవు, మాయం కావు, రూపం మారతాయంతే. "ఆ రోజు మీరు ఊళ్లోనే ఉన్నారు. ఇంకో మీరు వచ్చి దిగితే ఆ అదనపు బరువు ఎక్కడిది?"

ఆమె ఆలోచించారు. "అయితే అంత బరువూ అక్కణ్ణించి ఇక్కడికి రావాలా?"

"వస్తే లెక్క సరిపోతుంది."

కొన్నాళ్లకు కథ మారింది. అక్క అటు వెళ్తుంది, తమ్ముడు ఇటు వస్తాడు.

"వాడు నాకంటే బరువు సార్. అందుకని బిందెడు నీళ్లు చంకనెత్తుకొని పోతాను" అని నవ్వారు.

"మీరు అక్కడే ఉండిపోతారు గదా?"

"మా అమ్మకు వాడు మిగలతాడు గదా సార్."

ఆ తర్వాత నేను తప్పులు వెతకలేదు.

కథ చదివి కరస్పాండెంట్ గారు మా ఇద్దర్నీ పిలిపించారు. "వెనక్కి పోయేదంతా బ్రహ్మాండంగా ఉండాది మేడం. ఆ వైరు సంగతి మాత్రం తీసేయండి. కాలు జారి పడినాడని రాయండి."

"వాడు జారి పళ్ళేదు సార్."

"కథే గదమ్మా!"

"కారణం తీసేస్తే కథ నిలబడదు సార్" అన్నాన్నేను.

"మీరు ఫిజిక్స్ చూసుకోండి" అన్నారాయన.

రహమతున్నీసా గారు బల్ల మీది కాగితాలు తీసుకుని బయటికి నడిచారు. కథ అచ్చు కాలేదు. వేసవి సెలవుల తర్వాత ఆమెను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. ఇప్పుడు గూడూరులో ట్యూషన్లు చెప్పుకుంటున్నారు.

ఎన్నడూ జరగని ప్రయాణంలో తప్పు పట్టుకున్నది నేను. కరస్పాండెంట్ గారికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. జరిగిన ఒకే ఒక్క సంగతితోనే ఇబ్బంది. ఎంత అసాధ్యాన్నయినా అచ్చు వేస్తారని, నిజానికి మాత్రం చోటుండదని ఆ ఏడాది తెలుసుకున్నాను.