కాలర్ల పెద్దమ్మ వైన్

"మిక్సీలో వేస్తే గింజ నలుగుతుంది. గింజ నలిగిందా, వైన్ అంతా చేదు. ఇన్నేళ్ళు అన్న పక్కన కూచుని తాగాడే మా మరిది, ఆ మాత్రం తెలియదూ? నిన్న ఇక్కడే కూచుని, 'అన్నయ్య ద్రాక్షని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పేవాడు' అని నాకే చెప్తాడు! మీ అన్నయ్య జన్మలో మిక్సీ మూత ఎటు తిరుగుతుందో చూళ్ళేదురా నాయనా అని నోటిదాకా వచ్చింది."

"అనేయకపోయారా పెద్దమ్మా?"

"ఏమన్నా ఎవరు వింటారే?"

గ్లాసులు కడుగుతూ అందావిడ. చొక్కాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కాలర్లు మాత్రమే కుట్టడంతో వీధిలో కాలర్ల పెద్దమ్మ అనే పేరు పడిపోయింది. పై వాటాలో అద్దెకుండే నేను సెలవు రోజుల్లో ఆవిడ వంటగదిలో పీట వేసుకుని కూర్చుంటాను. వినడమే నా పని.

ఏటా నల్లద్రాక్ష ముమ్మరంగా వచ్చే రోజుల్లో పది కిలోలు తెచ్చేది. కడిగి, పాత దుప్పటి మీద ఫ్యాను కింద పరిచి, తడి చుక్క లేకుండా ఆరాక ఒక్కో పండూ తొడిమ తీసేది. పెద్ద జాడీలో వేసి పిడికిలితో నలిపేది. చక్కెర, కాస్త ఈస్టు. జాడీ మూతికి గుడ్డ మాత్రమే కట్టేది, మూత బిగిస్తే లోపలి పొంగుకి జాడీ పగులుతుందని. మూడు వారాలు రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు చెక్క గరిటెతో కలపడం, ఆపైన వడకట్టడం, మడ్డి అడుక్కి దిగాక తేరినదాన్ని సీసాల్లో పోయడం. ఆ రోజుల్లో ఆవిడ చేతులు ఊదారంగుకి తిరిగేవి. తెల్ల కాలర్లకి మరక అంటకుండా గ్లవుజులు వేసుకుని కుట్టేది.

"మా సూపర్‌వైజరు అడిగాడొకసారి, 'ఎవరి పీక కోసొచ్చావమ్మా?' అని. 'ఇంకా లేదు సార్, మీరు లైన్లోనే ఉన్నారు' అన్నా. వారం రోజులు నా జోలికి రాలేదు."

ఆవిడ భర్త, పెద్దాయన, సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ముత్యాల్లాంటి అక్షరాలు. సీసాలకి చీటీలు ఆయనే రాసి అంటించేవాడు. ఏ సంవత్సరమో వేసి, కింద తన సంతకం పెట్టేవాడు. ప్రతి బోర్డు మూలనా పెట్టే అలవాటది. చుట్టాలొస్తే పోసేదీ ఆయనే. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎర్ర పెయింటు. తమ్ముడు ఆ చెయ్యి పైకెత్తి, "చూశారా, ద్రాక్ష పిసికిన చెయ్యి!" అని అందరికీ చూపించేవాడు. పెద్దాయన నవ్వేవాడు. అది పెయింటురా అని ఒక్కనాడూ అనలేదు.

"మీరైనా చెప్పాల్సింది."

"నేను వంటగదిలో గ్లాసులు తుడుస్తున్నానుగా. మొదటేడు నవ్వొచ్చింది. రెండో ఏడు, ఆయనే చెప్తాడులే అనుకున్నా. ఆ తర్వాత చెప్తే నేనే గయ్యాళిదాన్నయ్యేదాన్ని."

ఆయన పోయి రెండేళ్ళు. నిరుడు జాడీ తియ్యలేదు. ఈ ఏడు తీసింది. నిన్న మరిదినీ తోటికోడలినీ భోజనానికి పిలిచింది. ఆవిడకి కావలసింది ఒక్క మాట. 'వదినా, వైన్ బాగా చేశావు' అని.

చేసిన పొరపాటల్లా ఒకటే. వైన్‌ని పెద్దాయన చీటీలున్న పాత సీసాల్లోనే పోసింది. లోపల మాత్రం కడిగి, చీటీ తడవకుండా పైన పొడిగుడ్డతో తుడిచింది. ఆ అక్షరాలను నీళ్ళలో నానబెట్టి గీకెయ్యడానికి చేతులు రాలేదట.

నిన్న నేనూ ఉన్నాను. ముందురోజు నుంచీ నిలబెట్టి ఉంచిన సీసాని కుదపకుండా తెచ్చి, కిటికీ వెలుగుకి పట్టి, సన్నని ధారగా పోసింది. మడ్డి మెడ దగ్గరికి వచ్చేలోపే ఆపాలని సగంలోనే నెమ్మదించింది. మరిది ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. సీసా తిప్పి సంతకం చూశాడు. మూడేళ్ళ కిందటి చీటీ.

"అన్నయ్యా..." అంటూ ఆ సంతకాన్ని బొటనవేలితో నిమిరాడు.

"ఇన్నాళ్ళూ దాచిపెట్టారా అక్కా?" అని తోటికోడలు కళ్ళొత్తుకుంది.

"అది ఈ ఏటిది. నేను చేశాను. జాడీ అక్కడే ఉంది చూడు."

"అలాగే వదినా. అన్నయ్య చేసినా నువ్వు చేసినా ఒకటేగా. నీ బాధ నాకు తెలియదా?"

పెద్దమ్మ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. అరచేతులు ఇంకా ఊదారంగే. తోటికోడలు వంగి చూసింది.

"బీట్‌రూట్ తరిగారా అక్కా? ముందే కాస్త నూనె రాసుకోవాల్సింది."

ఉండబట్టలేక నేను నోరు తెరిచాను. "పెద్దమ్మే చేశారండీ. ద్రాక్ష పిసుకుతుంటే పక్కనే ఉన్నాను."

మరిది జాలిగా నవ్వాడు. "నువ్వు మొన్న మొన్న వచ్చావమ్మా. మా అన్నయ్యని చూళ్ళేదు."

మిగిలిన సగం సీసానీ బిరడా బిగించి పట్టుకెళ్ళాడు. అద్దాల బీరువాలో అన్న ఫోటో పక్కన పెడతాడట. ఇక ఎవరూ ముట్టుకోకూడదట.

పెద్దమ్మ ఆఖరి గ్లాసు బోర్లించింది.

"మూత తీసిన సీసా అది. గాలి తగిలింది. ఇంకో పది రోజులకి పులిసి వెనిగరవుతుంది. ఎప్పుడో ఒకనాడు బిరడా తీసి వాసన చూస్తాడు. అప్పుడంటాడు చూడు, 'ఇది వదిన చేసినట్టుంది' అని."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. తడి చేతులు చీరకొంగుకి తుడుచుకుని, గుమ్మం దగ్గరున్న నా చెప్పులు కాలితో ఇటువైపు నెట్టింది.

"లే. వాళ్ళింటికి వెళ్ళిరా. ఆ సీసా ఈ రోజే తాగెయ్యమను. ముందు ఎవరు చేశారో చెప్పు, తర్వాత తాగమను. ఆ వరస మాత్రం మార్చకు."

"మళ్ళీ నమ్మకపోతే?"

"నమ్మకపోతే సీసా లాక్కొచ్చెయ్."